చెక్క ఉబ్బిన కిటికీ

"ఇవాళ నూట ఎనభై ఆరు. ఎరుపు. ఎవరూ కిటికీలు తీయకండి," అన్నారు మా ఆయన, ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని.

నేను అప్పటికే ఆయన తెల్లచొక్కాలు ఐదూ పిండి బకెట్లో వేసుకుని నిలబడి ఉన్నాను. పిండాక ఆరేయాలి. ఆరేయడమంటే మా ఇంట్లో మేడ మీద కాదు, వెనక గదిలో, ఈ గోడకీ ఆ గోడకీ కట్టిన నాలుగు తాళ్ళ మీద. మేడ మీద ఆరేస్తే చొక్కాల మీద మసి నలుసులు పడతాయి. ఆయన వాచీల షోరూములో మేనేజరు. వాచీ తీసి చూపించే చేతికి మసి నలుసున్న కఫ్ ఉంటే వచ్చినవాళ్ళు మొహం తిప్పుకుని వెళ్ళిపోతారట. ఒక్కరోజు పోనీండి, ఏమవుతుంది అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు కాబట్టి అడగలేదు.

ఆయన చదివిన ఆ నూట ఎనభై ఆరు ఉందే, అది మా ఆఫీసుదే. ఊళ్ళో గాలి ఎంత పాడైందో కొలిచే ఆఫీసులో నేను అప్పటికి పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. మా మేడ మీద ఒక మిషను ఉంటుంది. గాలిని లోపలికి పీల్చి దుమ్ము ఎంతుందో లెక్కపెట్టి ఊరందరి ఫోన్లకీ పంపిస్తుంది. లోపలికి వచ్చే గాలిని ముందు కాస్త వెచ్చబెట్టాలి. లేకపోతే చెమ్మ రోజుల్లో దుమ్మురేణువు తేమ తాగి ఉబ్బిపోతుంది. మిషను పాపం, ఉబ్బిన రేణువుని పెద్ద రేణువనుకుంటుంది. మా మిషనులో ఆ వెచ్చబెట్టే గొట్టం మూడు నెలల కింద చెడిపోయింది. నేను మూడుసార్లు రిజిస్టరులో రాశాను. మూడుసార్లూ పక్కన "చూశాను" అని సంతకం పడింది. చూసి ఊరుకున్నారు.

బయట గాలి స్వచ్ఛంగా ఉందని నేను అనడం లేదు. చెమ్మగా ఉండి గాలి కదలని రోజు పొగ పైకి పోలేక వీధిలోనే కూలబడుతుంది, అదీ నిజమే. కానీ ఆ నూట ఎనభై ఆరులో ఎంతో కొంత ఉత్త నీళ్ళు. ఆ మాట ఇంట్లో చెప్పాను కూడా. మా ఆయన నోట్లో నురగతోనే నవ్వారు.

"నీ ఆఫీసు లెక్క నువ్వే నమ్మవా? ఇంక మేమేం నమ్మాలి?"

ముందుగది కిటికీ గడియ నేనే బిగించాను. వంటగది కిటికీ కూడా. పొయ్యి మీద నూనె కాగుతోంది. పొగ లాగే ఫ్యాను నిరుటి నుంచి తిరగడం లేదు. "ఈ ఆదివారం చూస్తా" అన్న ఆదివారాలు యాభై పైన వెళ్ళిపోయాయి. నూనె పొగంతా నా కళ్ళలోంచి, ముక్కులోంచి దారి చేసుకుని వెనక గదిలోకి పోయి తడి చొక్కాల కింద కూర్చుంది.

ఆ గది గురించి చెప్పాలి. ఒకప్పుడు అది మా అత్తయ్య ఒక్కరి గది. నిరుడు నాకు దగ్గు మొదలయ్యాక నా మంచమూ అందులోకే చేరింది. "నీ దగ్గుతో నాకు నిద్ర పట్టట్లేదు, పొద్దున్నే షాపులో నిలబడలేకపోతున్నా" అన్నారు ఆయన. ఆయన గదిలో ఏసీ ఉంది, పాప అక్కడే పడుకుంటుంది. వెనక గదిలో అత్తయ్యా, నేనూ, నాలుగు తాళ్ళ బట్టలూ, ఒక ప్లైవుడ్డు బీరువా, ఒక దోమల కాయిల్. తడి బట్టల నుంచి రోజుకి రెండు లీటర్ల నీళ్ళు ఆవిరై ఆ గదిలోనే తిరుగుతాయి. పోవడానికి దారి లేక గోడల్లోకి దిగుతాయి. మూలల్లో నల్లటి బూజు పట్టింది. నెలకోసారి నిచ్చెన ఎక్కి బ్లీచింగుతో తోముతాను, వాసనకి కళ్ళు తిరుగుతాయి, మళ్ళీ నెలకి అదే మూలలో అదే ఆకారంలో వచ్చేస్తుంది. చెమ్మ పెరిగిన రోజు బీరువాలోంచి కూడా ఘాటు వాసన కొడుతుంది. ఆ ప్లైవుడ్డులో వాడిన జిగురు తేమకి ఊపిరి వదులుతుందని నాకు తెలుసు. తెలిసి చేసేదేముంది, అందులోంచే చీర తీసుకుని కట్టుకుని ఆఫీసుకి వెళ్తాను.

గదికి కిటికీ లేక కాదు. ఉంది. సందు వైపు రెండు రెక్కల చెక్క కిటికీ. తెరుచుకోదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే అడిగాను. "చెక్క ఉబ్బింది" అన్నారు మా ఆయన. చెక్క తేమకి ఉబ్బుతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? టక్కున నమ్మాను. ఒక ఎండాకాలం, గాలిలో తేమ బాగా దిగిపోయిన రోజు చూసుకుని, మధ్యాహ్నం పూట భుజంతో నెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. రంగు పొరలు పొరలుగా మందంగా వేశారు కదా, లోపల చెమ్మ ఇంకా ఆరలేదేమో, ఇంకో నెల ఆగాలేమో అనుకున్నాను. అత్తయ్య మంచం మీద కూర్చుని చూస్తోంది.

"చెక్క బాగా ఉబ్బిందత్తయ్యా," అన్నాను, భుజం రుద్దుకుంటూ.

"ఊఁ," అంది.

ఇంతకీ ఆఫీసులో నా పనేమిటంటే, తూకం. మేడ మీద మిషను చెప్పే లెక్క సరైనదో కాదో తేల్చడానికి ఊళ్ళో పన్నెండు చోట్ల చిన్న పంపులు పెడతారు. ఒక్కోదాంట్లో గుండ్రటి తెల్ల ఫిల్టరు కాగితం ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ గాలి దానిలోంచి పోతుంది, మురికి దాని మీద మిగులుతుంది. వెళ్ళకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నేను తూస్తాను. తేడాయే మురికి. అయితే ఆ కాగితం కూడా తేమ తాగుతుంది. తాగితే బరువెక్కుతుంది, దుమ్మేదో నీళ్ళేవో తెలియదు. అందుకని తూచే ముందు ఒక రోజంతా దాన్ని పొడిగదిలో కూర్చోబెట్టాలి. ఆ గదిలో తేమ ముప్పై అయిదు దాటకుండా ఒక యంత్రం రేయింబవళ్ళు కాపలా కాస్తుంది. గోడలు తెల్లగా, పొడిగా ఉంటాయి. మూలల్లో ఏమీ ఉండదు. కాగితానికి చేసే మర్యాద అంతా ఇంతా కాదు.

నేను చేరిన మొదటి రోజు మా పెద్దసారు, "ముందు ఊపిరి బిగపట్టడం నేర్చుకోమ్మా, తూకం తర్వాత నేర్పిస్తా" అన్నారు. త్రాసు పక్కన ఊపిరి వదిలితే అంకె మారిపోతుంది. అంత సున్నితం. ఊపిరి బిగపట్టడం నాకు ఇంకొకరు నేర్పాలా! రెండోరోజుకే ఆయన భేష్ అన్నారు.

ఆ పొడిగదిలో నాకు దగ్గు రాదు. ఇది నేను కనిపెట్టడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే రానిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. సోమవారం పొద్దున దగ్గుతూ వెళ్తాను, మధ్యాహ్నానికి తగ్గుతుంది, శుక్రవారానికి నేను మామూలు మనిషిని. శని, ఆదివారాలు ఇంట్లో ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది. పాప ఒకసారి నా ఛాతీకి చెవి ఆనించి, "అమ్మా, నీ లోపల ఎవరో ఈల వేస్తున్నారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వితే దగ్గొచ్చింది.

డాక్టరు దగ్గరికి మా ఆయనే తీసుకెళ్ళారు. మంచి మనిషి కాదని నేననను. షాపు మానుకుని మరీ తీసుకెళ్ళారు. లోపల కూర్చున్నాక డాక్టరమ్మ నా వైపు చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"దుమ్ము తూస్తుందండీ," అన్నారు మా ఆయన.

"రోజూనా?"

"రోజూ. పొద్దున్నించి సాయంత్రం దాకా దుమ్ముతోనే."

దుమ్ము కాదండీ, దుమ్ము అంటిన కాగితం, వేలు తగలకుండా చిమటాతో పట్టుకుంటాను, నా గది మీ గది కన్నా శుభ్రంగా ఉంటుంది అని చెప్పడానికి నోరు తెరిచాను. మాటకి ముందు దగ్గు వచ్చింది. డాక్టరమ్మ తల ఊపి ఏదో రాసుకుంది.

"ఇంట్లో చెమ్మ ఉందా?"

"కాస్త. అందరిళ్ళలో ఉండేదే," అన్నారు మా ఆయన. ఆ దగ్గు తప్ప అక్కడ ఇంకేదీ నాది కాదు. డాక్టరమ్మ చీటీ మీద మందులు రాసి, కింద గీత గీసి, "దుమ్ముకి దూరంగా ఉండాలి" అని రాసిచ్చింది. ఆ చీటీ మా ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు.

బస్సులో అన్నారు. "విన్నావుగా. రాజీనామా రాసెయ్. నువ్వు ఆఫీసు దుమ్మంతా ఇంటికి మోసుకొస్తున్నావు, రేపు పాపకి అంటుకుంటే?"

పాప మాట ఎత్తితే నేను ఊరుకుంటానని ఆయనకి తెలుసు. ఊరుకోలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఒక నెల టైమివ్వండి. నా దగ్గు ఎక్కడి నుంచి వస్తోందో కొలిచి చూపిస్తాను."

"కొలుస్తావా?" ఆయనకి నవ్వొచ్చింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. "సరే, కొలువు. ఇంట్లోదని తేలితే ఆ వెనక గది కిటికీ నేనే తీస్తా. బట్టలు మేడ మీదే వేసుకో. ఆఫీసుదని తేలితే మారు మాట్లాడకుండా సంతకం పెట్టాలి."

"మాటేనా?"

"మాటే."

ఇంటికి వచ్చేదాకా నాకు ఒళ్ళంతా పండగలా ఉంది. ఎందుకుండదు? పద్నాలుగేళ్ళుగా నేను చెప్పేది ఇంట్లో ఎవరూ చెవిన వేసుకోలేదు. కానీ అంకె వేరు. అంకెకి ఆడా మగా ఉండదు. అంకె దగ్గదు. ఎవరు అడ్డం వచ్చినా అంకె నోరు మూసుకోదు. నేను చెప్పలేనిది అది చెబుతుంది అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

పంపులు తీసుకున్నట్టు రిజిస్టరులో నా పేరు రాసి, ఎందుకు అన్నచోట "పరీక్ష" అని రాసి, శనివారం పొద్దున ఒకటి మా పొడిగదిలో పెట్టాను, ఇంకోటి ఇంటికి తెచ్చాను. దాంతోపాటు ఒక ఉత్త ఫిల్టరు కూడా తెచ్చాను. మా పనిలో అది తప్పనిసరి. ఉత్త ఫిల్టరుకి పంపు ఉండదు. మిగతావాటితో పాటే సంచీలో వస్తుంది, డబ్బా మూత తీసి మళ్ళీ మూసేస్తాం, తిరిగి అదే సంచీలో వెళ్ళిపోతుంది. దారిలో, చేతుల్లో ఏమైనా అంటుకుందేమో తెలుసుకోవడానికి. అది ఎక్కడికి వెళ్ళొచ్చినా దాని బరువు మారకూడదు. పక్కవాటి లెక్క సరిపోవడానికి తప్ప దాని సొంత లెక్కంటూ ఏమీ ఉండదు. ఇన్నేళ్ళూ వాటిని వందల్లో తూచాను కానీ, ఆ శనివారం వెనక గదిలో డబ్బా మూత తీస్తుంటే మాత్రం దాని మీద జాలేసింది.

పంపుని మంచాల మధ్య స్టూలు మీద పెట్టాను, మనిషి ముక్కు ఎత్తులో. రోజూ చేసేవే చేశాను. చొక్కాలు ఉతికి ఆరేశాను, నూనె కాచాను, సాయంత్రం కాయిల్ వెలిగించాను. ఒక్కటి కూడా ఎక్కువ చేయలేదు. పంపు సన్నగా గురక పెడుతూ ఉంది.

"ఏంటమ్మాయ్ అది, ఏం చేస్తోంది?" అంది అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా. మనలాగే ఊపిరి తీసుకుంటోంది."

"పాపం," అంది అత్తయ్య. కాసేపు దాన్నే చూసింది. "ఎంతసేపు?"

"ఒక పగలూ ఒక రాత్రీ."

"అంతేగా," అని అటు తిరిగి పడుకుంది.

సోమవారం రెండు ఫిల్టర్లనీ, ఉత్తదాన్నీ పొడిగదిలో కూర్చోబెట్టాను. మంగళవారం తూచాను. మా ఇంటి ఫిల్టరు కాగితం బూడిద రంగులోకి తిరిగింది. ఊపిరి బిగపట్టి త్రాసు మీద పెట్టాను. మైక్రోగ్రాముల లెక్కలో మా పొడిగదిది నాలుగు. ఉత్త ఫిల్టరుది సున్నా. అదే శనివారం లారీలూ బస్సులూ ఇరవై నాలుగు గంటలూ తిరిగే కూడలిది తొంభై ఆరు. మా వెనక గదిది రెండు వందల పధ్నాలుగు. మళ్ళీ తూచాను. రెండు వందల పధ్నాలుగు. ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది, త్రాసు పక్కన ఉన్నాను కాబట్టి రెండూ మింగేశాను.

పెద్దసారు దగ్గరికి కాగితం పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆఫీసు సంతకం ఉంటే ఇంట్లో ఇంకాస్త బలంగా ఉంటుందని నా ఆశ.

"ఇదేం సైటమ్మా? నంబరు లేదే."

"మా ఇల్లు సార్. వెనక గది."

ఆయన వేలు కాగితం మీద చివరి గడి దగ్గరికి జరిగింది. "తేమ ఎంత?"

"ఎనభై అయిదు సార్."

"ఎనభై దాటితే చెల్లదు కదమ్మా. నీకు తెలియనిదా? రూలు నువ్వే కొత్తవాళ్ళకి నేర్పిస్తావు." ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశారు. కాస్త సిగ్గుపడ్డట్టు, గొంతు తగ్గించి, "అందరిళ్ళూ అంతేనమ్మా. మా ఇంట్లో పెట్టినా ఇంతే వస్తుంది. ఇళ్ళన్నీ కొలుచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతాం?" అన్నారు.

ఆయన 'మా ఇంట్లో పెట్టినా' అన్నప్పుడు, అక్కడ ఎవరు ఊపిరి తీసుకుంటున్నారు సార్ అని అడగాల్సింది. అడగలేదు. గీత గీసిన కాగితమే మడిచి ఇంటికి తెచ్చాను. గీత కింద అంకె కనబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం మా ఆయన కాఫీ తాగేదాకా ఆగాను. ముందు పెట్టాను. ఒక్కో అంకె వేలు పెట్టి చూపించాను. కూడలి ఇది, నా ఆఫీసు గది ఇది, మన వెనక గది ఇది. ఆయన మొదట నవ్వలేదు. అది నాకు గుర్తుంది, ఒక్క క్షణం ఆయన మొహం నిజంగా వాడిపోయింది. తర్వాత ఎర్ర గీత కనిపించింది.

"ఇది కొట్టేశారుగా?"

"అది తేమ ఎక్కువుందని కొట్టేశారు. తేమ ఎక్కువుండటమే కదండీ మన గొడవ?"

"నీ సంచీలో దుమ్మేమో. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే సంచీయేగా."

"అందుకే ఉత్తది కూడా తెచ్చాను. అదే సంచీలో వచ్చింది, అదే సంచీలో వెళ్ళింది. సున్నా. చూడండి."

ఆయన చూడలేదు. లేచి వెనక గదిలోకి నడిచారు. నేను వెనకే పరిగెత్తాను. తడి చొక్కాలు రెండు చేతులతో పక్కకి తోసి, కిటికీ రెక్క మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోశారు. ఒక్కటే. అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది.

"చూశావుగా, చెక్క ఉబ్బింది. నేనేం చెయ్యను? మాట ఇచ్చాను, ప్రయత్నం చేశాను. వానలు తగ్గాక వడ్రంగిని పిలుద్దాం," అని అరచేతికి అంటిన చెమ్మ లుంగీకి తుడుచుకున్నారు. "ఈలోగా ఆ ఉద్యోగం సంగతి తేల్చు. మందులు మింగుతూ దుమ్ములో కూర్చుంటే మందులు దండగ. అమ్మా, నువ్వయినా చెప్పు."

అత్తయ్య కాళ్ళ మీదకి దుప్పటి లాక్కుంది. కిటికీ వైపు కూడా చూడలేదు.

సంతకం పెట్టనని నేను పద్దెనిమిది రోజులు నిలబడ్డాను. ఆడపడుచు ఫోను చేసి, "వదినా, ఊపిరి కంటే ఉద్యోగం ఎక్కువా?" అంది. ఊపిరి కోసమే ఉద్యోగం అని నేనంటే ఎవరికీ తలకెక్కలేదు. పద్దెనిమిదో రోజు పాపకి జలుబు చేసి రెండు దగ్గులు దగ్గింది. మా ఆయన నా వైపు చూశారు, అంతే. మర్నాడు పొద్దున రాసిచ్చాను. "ఆరోగ్య కారణాల వల్ల" అని ఆయనే చెప్పి రాయించారు.

ఆఖరి నెల కొత్తమ్మాయికి పని అప్పజెప్పాను. చురుకైన పిల్ల. చిమటా పట్టడం ఇట్టే వచ్చింది, ఊపిరి బిగపట్టడం మాత్రం రాలేదు. మధ్యలో ఫక్కున నవ్వేసేది, అంకె చెదిరిపోయేది. "ఎలా పడతారక్కా అంతసేపు?" అని అడిగింది. అలవాటులే అన్నాను. అంతకంటే ఏం చెప్పను, తొందరలోనే నేర్చుకుంటుంది. చివరి రోజు అందరూ వెళ్ళాక పొడిగదిలో కాసేపు కూర్చున్నాను. ఏమీ చేయలేదు. గట్టిగా పీల్చి, గట్టిగా వదిలాను. త్రాసు మీద అంకె ఊగింది. మొదటిసారి దాన్ని అలా ఊగనిచ్చాను.

ఇది జరిగి ఇప్పటికి రెండు వారాలు. ఇవాళ పొద్దున మా ఆయన ఫోను చూసి, "నూట తొంభై. కిటికీలు జాగ్రత్త," అన్నారు. గొట్టం ఇంకా బాగు చేయలేదన్నమాట. పాప బడికి, ఆయన షాపుకి వెళ్ళారు. బయట సన్నగా వాన. నేను ఐదు చొక్కాలు, పాప యూనిఫారాలు, దుప్పట్లు రెండూ పిండి వెనక గదిలోకి తెచ్చాను. అత్తయ్య క్లిప్పులు అందిస్తోంది. తాడు మీద మూడో చొక్కా వేస్తుంటే దగ్గొచ్చింది. మామూలు దగ్గు కాదు. తాడు పట్టుకుని వంగిపోయాను, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. తగ్గేసరికి అత్తయ్య నా వీపు రాస్తోంది. ఆవిడ చెయ్యి నా ఒంటి మీద పడడం, ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

"నాకూ ఇలాగే వచ్చేది. పోనుపోను అలవాటవుతుంది," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు అలవాటవ్వద్దత్తయ్యా. ఆ కిటికీ ఒక్కటి వస్తే చాలు. వానలు తగ్గనివ్వండి, చెక్క ఆరనివ్వండి, వడ్రంగి వచ్చినా రాకపోయినా నేనే..."

"చెక్క కాదు," అంది అత్తయ్య.

క్లిప్పుల డబ్బా మంచం మీద పెట్టింది. దుప్పటి అంచు సరిచేసింది. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

"మేకులు కొట్టించారు మీ మామయ్య. మీ ఆయన నా కడుపులో ఉన్నప్పుడు. సందుకి అవతల ఒకామె మిషను కుట్టేది. నేను బట్టలారేసి ఇక్కడ నిలబడితే ఆమె అక్కణ్ణించి మాట్లాడేది. అదీ ఇదీ. జాకెట్ల సంగతి, వాళ్ళత్త సంగతి. భలే నవ్వించేది. ఒకరోజు ఆయన చూశారు. గాలి కోసం నిలబడ్డానంటే, గాలి కోసమైతే ఆ పళ్ళికిలింపేంటి అన్నారు. సాయంత్రం సుత్తి తెచ్చారు. పైన రంగు వేయించేశారు."

మంచం మీద చతికిలబడ్డాను.

"మరి నేను భుజంతో తోసినప్పుడైనా చెప్పలేదేం?"

"నువ్వే అన్నావుగా, చెక్క ఉబ్బిందని. చదువుకున్నదానివి. ఆ మాట బాగానే ఉందిలే, మర్యాదగా ఉంది అనుకున్నా."

"మీ అబ్బాయికి తెలుసా?"

"వాడికేం తెలుసు. వాడు పుట్టేసరికి అది గోడే. అడిగితే చెక్క ఉబ్బిందని నేనే చెప్పాను."

నా చేతిలో ఇంకా మా ఆయన చొక్కా ఉంది. నీళ్ళు చీర మీదకి కారుతున్నాయి. కూడలి తొంభై ఆరు, మా గది రెండు వందల పధ్నాలుగు, తేమ ఎనభై అయిదు. అన్నీ సరైన కొలతలే. రెండేసిసార్లు తూచాను. పద్నాలుగేళ్ళ అనుభవం పెట్టి, ఊపిరి బిగపట్టి, కిటికీ ఎందుకు తెరుచుకోదో తప్ప అన్నీ కొలిచాను.

"అప్పుడు బయట పొగ ఎలా ఉండేదత్తయ్యా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. అలవాటై ఉంటుంది.

"పొగెక్కడిదమ్మాయ్? సందు అవతల ఆమె ఇల్లొక్కటి తప్ప అంతా ఖాళీ జాగా. గాలి దూసుకొచ్చేది. గంటలో ఆరిపోయేవి బట్టలు."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. చొక్కాలు పక్కకి జరిపి రెక్క అంచు మీద వేలితో రాశాను. మందపాటి రంగు కింద చిన్న బొడిపె తగిలింది. పక్కన ఇంకోటి. ఇన్నేళ్ళూ వీటిని రంగు బుడగలనుకున్నాను, చెమ్మకి లేచాయనుకున్నాను.

"ఎన్ని కొట్టారు?" అన్నాను.

"తొమ్మిది," అంది అత్తయ్య, ఇటు చూడకుండానే. "పైన మూడు, పక్కల రెండేసి, కింద రెండు. రంగు వేయించినప్పుడల్లా తడిమి చూసుకునేదాన్ని."